బండి కొనేటప్పుడు ఇంజనే కాదు, వాసన కూడా చూడాలి



స్కాలర్‌షిప్పులు, హాస్టల్ సీట్లు, నోటిఫికేషన్ల గురించి ఇక్కడ చాలా మాట్లాడుకుంటాం. ఈరోజు కొంచెం వేరే విషయం. వినడానికి చిన్నదిగా ఉంటుంది గానీ మన పిల్లల ఊపిరితిత్తులకూ, మన అన్నల సంపాదనకూ, మన మర్యాదకూ సంబంధించింది. సెకండ్‌హ్యాండ్ బండ్లలో ఉండే సిగరెట్ కంపు గురించి రాస్తున్నాం. పోస్టు పొడవుగా ఉంది, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల మన సుగాలి, ఎరుకల, యానాది కుటుంబాల్లో డిగ్రీ అయిపోయి ఉద్యోగం దొరకని పిల్లోళ్లు ఎక్కువమంది పట్టుకునేది స్టీరింగే. కొత్త బండికి డౌన్ పేమెంట్ కట్టే స్తోమత మనలో ఎంతమందికి ఉంది? కాబట్టి సెకండ్‌హ్యాండ్ ఆటో, పాత తుఫాను, బొలెరో, ఈకో, కాస్త ధైర్యం చేస్తే ఎర్టిగా. సగం ఫైనాన్సు, సగం అమ్మ మెడలోది తాకట్టు. ఆ బండే పొద్దున చీనీ తోటలకు, అరటి తోటలకు కూలీలను దింపుతుంది. అదే బండి స్కూలు పిల్లలను ఎక్కించుకుంటుంది. రాత్రి తాండాలో ఎవరికైనా నొప్పులొస్తే ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికి పరిగెత్తేది కూడా అదే. శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి వచ్చినోళ్లను గండికోట చూపించడానికీ అదే పోతుంది.

అలాంటి బండి కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? ఇంజను పొగ కొడుతుందా, టైర్లు ఎంత అరిగినాయి, ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, పాత చలాన్లు ఏమైనా ఉన్నాయా. ఇవన్నీ చూడాల్సినవే. కానీ డోరు తెరవగానే గుప్పుమని వచ్చే సిగరెట్ గబ్బును మాత్రం "రెండు రోజులు అద్దాలు దించితే పోతుందిలేబ్బా" అని వదిలేస్తాం. ఇది సరైంది కాదని మా అభిప్రాయం. వాసన కూడా ఇంజను లాగే చూడాల్సిన విషయం. వాసన ఉందంటే ఆ బండికి రిపేరు ఉన్నట్టే లెక్క.

ఎందుకో చెప్తాం.

సిగరెట్ పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయి. వాటిలో దాదాపు 70 క్యాన్సర్ తెచ్చేవి. తాగేవాడు పీల్చేది ఒక పొగ. పక్కనున్నోడు పీల్చేది రెండో పొగ. ఈ రెండూ మనకు తెలుసు. మూడోది ఒకటుంది. పొగ ఆగిపోయినాక సీట్లకు, పైకప్పు గుడ్డకు, అద్దాలకు, బెల్టులకు, ఏసీ గొట్టాలకు అతుక్కుని మిగిలిపోయేది. దీన్ని థర్డ్‌హ్యాండ్ స్మోక్ అంటున్నారు. అమెరికాలో శాన్‌డియాగో పరిశోధకులు అమ్మకానికి పెట్టిన పాత కార్లను పరీక్షించి 2008లో ఫలితాలు అచ్చు వేశారు. సిగరెట్ తాగేవాళ్లు వాడిన కార్లలో గాలిలోనూ, దుమ్ములోనూ, డ్యాష్‌బోర్డు మీదా నికోటిన్ దొరికింది. 2010లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వాళ్లు ఇంకో సంగతి బయటపెట్టారు. అతుక్కున్న నికోటిన్ ఊరికే ఉండదు. గాలిలో ఉండే నైట్రస్ ఆమ్లంతో కలిసి నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలుగా మారుతుంది. బాగా సిగరెట్లు తాగే ఒక డ్రైవరు ట్రక్కు లోపలి భాగాల మీద కూడా అవి దొరికాయి.

అంటే ముక్కుకు తగిలే ఆ కంపు, లోపల మడ్డి ఉందని మనకు చెప్పే గంట లాంటిది. గంట మోగకుండా గుడ్డ చుట్టినంత మాత్రాన మడ్డి పోదు కదా.

మన ఎండలు ఈ సమస్యను ఇంకా పెంచుతాయి. ఏప్రిల్, మే నెలల్లో జమ్మలమడుగు బస్టాండు దగ్గర అద్దాలు మూసిన బండిని ఒక గంట నిలబెట్టి లోపల కూర్చుని చూడండి. బయట 42 డిగ్రీలుంటే లోపల అంతకన్నా చాలా ఎక్కువ. ఆ వేడికి స్పాంజిలో, గుడ్డలో దాగిన మడ్డి మళ్లీ ఆవిరై గాలిలోకి వస్తుంది. చలికాలంలో కొన్న బండి బాగుందనిపించి, ఎండాకాలం రాగానే గబ్బు కొట్టేది ఇందుకే.

దీని దెబ్బ ఎక్కువగా తగిలేది చిన్నపిల్లలకు. సీటు మీద పాకుతారు, బెల్టు నోట్లో పెట్టుకుంటారు, చేతులు నాకుతారు. ఆ తర్వాత గర్భిణీలకు, ఉబ్బసం ఉన్న పెద్దోళ్లకు. మన బండ్లలో రోజూ ఎక్కేది ఎవరు? వీళ్లే.

ఇక రెండో సంగతి. దీన్ని మనం పైకి చెప్పుకోం గానీ లోపల అందరికీ తెలుసు. వేరే వాళ్ల బండిలో సిగరెట్ వాసన వస్తే "ముందు వాడిన ఓనరు సిగరెట్లు తాగేవాడేమో" అంటారు. మన పిల్లోడి బండిలో అదే వాసన వస్తే "తాండావోళ్ల బండి కదా, అట్లే ఉంటుంది" అంటారు. ఆ గబ్బు మనది కాదు. ఏ కాంట్రాక్టరో, ఏ ఆఫీసరో ఐదేళ్లు తాగి వదిలేసిన గబ్బు. బండితో పాటు దాన్ని కూడా మనమే కొనుక్కుంటున్నాం, మాట కూడా మనమే పడుతున్నాం. గండికోటకు వచ్చే ఫ్యామిలీలు ఒకసారి ముక్కు మూసుకుని దిగిపోతే రెండోసారి ఫోన్ చేయరు. స్కూలు పిల్లల ట్రిప్పు ఇంకొకరికి పోతుంది. కంతు మాత్రం నెలనెలా మనమే కట్టాలి.

కాబట్టి మొదటి పని, కొనేముందే పరీక్ష చేయడం. దీనికి మెకానిక్కు కూడా అవసరం లేదు. బండిని ఎండలో అద్దాలన్నీ మూసి అరగంట నిలబెట్టమనండి. తర్వాత డోరు తెరిచి మొదటి గాలి పీల్చండి. ఏసీ బండి అయితే లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి బ్లోయరు ఫుల్లు పెట్టి చూడండి. ఒక తెల్లగుడ్డ తడిపి ముందు అద్దం లోపలి వైపు, సన్‌షేడ్ వెనకాల, పైకప్పు అంచున తుడవండి. గుడ్డకు పసుపు, గోధుమ రంగు జిడ్డు అంటితే అర్థం చేసుకోండి. సీటు మీద చిన్న చిన్న కాలిన బొక్కలు ఉన్నాయా, యాష్‌ట్రే ఊడదీసి దాచారా చూడండి. బండి నిండా సెంటు కొట్టి, అద్దానికి రెండు మూడు ఫ్రెష్‌నర్లు వేలాడదీసి ఉంటే ఇంకా అనుమానించండి. అంత సెంటు అవసరం ఎందుకొచ్చింది?

వాసన ఉంటే కొనకూడదని మేము అనడం లేదు. ఇంజను బాగుండి, ధర బాగుంటే తీసుకోండి. కానీ బేరంలో ఆ మాట పెట్టండి. టైర్లు అరిగితే రేటు తగ్గించమంటాం కదా, ఇది కూడా అంతే. "అన్నా, లోపల సిగరెట్ మడ్డి ఉంది, సీటు కవర్లు, ఏసీ ఫిల్టరు మార్చాలి, రెండు రోజులు బండి ఆపాలి, అది తగ్గించు" అని మొహమాటం లేకుండా అడగాలి. మన పిల్లోళ్లు ఇంజను గురించి గట్టిగా మాట్లాడతారు, ఇలాంటి మాట దగ్గర మాత్రం ఊరుకుంటారు. ఊరుకోవద్దు.

ఇప్పటికే కొన్నవాళ్ల సంగతేంటి? వాళ్ల కోసం శుభ్రం చేసే పద్ధతి చెప్తాం. వరసగా చేయాలి, ఒకటి చేసి ఒకటి వదిలేస్తే వాసన తిరిగొస్తుంది.

మొదట బండి పూర్తిగా ఖాళీ చేయండి. యాష్‌ట్రే, సీట్ల కింద, సీటు పట్టాల సందుల్లో ఉండే బూడిద, పీకలు తీసేయండి. మ్యాట్లు, సీటు కవర్లు ఊడదీసి వేడినీళ్లలో సబ్బుతో నానబెట్టి ఉతికి ఎండలో ఆరేయండి. కవర్లు మరీ పాతవైతే పారేసి కొత్తవి వేసుకోవడమే మేలు. వాక్యూమ్ క్లీనరు మన దగ్గర లేకపోతే సర్వీసింగ్ సెంటర్‌లో లోపల మొత్తం పట్టించండి.

రెండోది గట్టి భాగాలు. డ్యాష్‌బోర్డు, స్టీరింగు, గేరు రాడ్డు, డోరు ప్యాడ్లు, అద్దాల లోపలి వైపు. గోరువెచ్చటి నీళ్లలో అంట్లు తోమే లిక్విడ్ కొంచెం కలిపి తుడవండి. తర్వాత తెల్ల వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి అద్దాలు, ప్లాస్టిక్ భాగాలు ఇంకోసారి తుడవండి. సైన్సు చదివే తమ్ముళ్లకు ఇది ఈజీగా అర్థమవుతుంది. నికోటిన్‌కు క్షారగుణం ఉంది. వెనిగర్ ఆమ్లం. రెండూ కలిస్తే నీళ్లలో కరిగే లవణం అవుతుంది, గుడ్డతో పాటు వచ్చేస్తుంది. గుడ్డను మాటిమాటికీ కడగండి, లేదంటే ఆ మడ్డినే ఇంకోచోట పూసినట్టు అవుతుంది.

మూడోది సీట్లు, కార్పెట్. వంటసోడా మెత్తగా చల్లి, చేత్తో రుద్ది, రాత్రంతా వదిలేసి పొద్దున వాక్యూమ్ పట్టించండి. వాసన బాగా ఉంటే రెండు మూడు రాత్రులు చేయండి. వంటసోడా, వెనిగర్ ఒకేసారి కలిపి పోయొద్దు. పొంగు చూసి బాగా పనిచేస్తుంది అనుకుంటాం గానీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, చివరికి మిగిలేది ఉప్పునీళ్లే. షాంపూ వాష్ చేయిస్తే డోర్లన్నీ తెరిచి స్పాంజి లోపలిదాకా ఆరేవరకు ఎండలో పెట్టండి. తడి మిగిలితే బూజు పట్టి ఇంకో వాసన మొదలవుతుంది. సీటు బెల్టులు పూర్తిగా బయటికి లాగి, సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, ఆరినాకే లోపలికి వదలండి. బెల్టును చాలామంది మర్చిపోతారు.

నాలుగోది పైకప్పు గుడ్డ. పొగ పైకే పోతుంది కాబట్టి మడ్డి ఎక్కువ పట్టేది ఇక్కడే. కానీ దీన్ని బాగా తడిపితే జిగురు ఊడి గుడ్డ నెత్తిమీదికి వేలాడుతుంది. నురగ మాత్రమే గుడ్డకు అంటించుకుని, ఒత్తకుండా కొంచెం కొంచెం తుడవాలి. ఆటోవాళ్లకు టాప్ లోపలి రెగ్జిన్, సీటు స్పాంజి ముఖ్యం. ఆటోకు తలుపులు లేవు గదా, గాలికి అదే పోతుంది అనుకోవద్దు. స్పాంజి అన్నీ పీల్చుకుంటుంది.

ఐదోది ఏసీ. లోపలంతా కడిగినా ఏసీ వేయగానే మళ్లీ కంపు వస్తుందంటే దొంగ అక్కడే ఉన్నాడు. చాలా కార్లలో గ్లవ్‌బాక్స్ వెనకాల ఏసీ ఫిల్టరు ఉంటుంది. దాన్ని కడిగి పెట్టొద్దు, మార్చేయండి. బొగ్గు పొర ఉన్న ఫిల్టరు దొరికితే ఇంకా మంచిది. కొన్ని పాత బండ్లలో ఫిల్టరే ఉండదు. అప్పుడు మెకానిక్కుతో కూలింగ్ కాయిల్ శుభ్రం చేయించాలి.

ఆఖరున, మిగిలిన కొద్ది వాసనకు గిన్నెలో బొగ్గులు పోసి రాత్రిళ్లు సీటు కింద పెట్టండి. మామూలు పొయ్యి బొగ్గులు కొంత లాగుతాయి, ఆక్టివేటెడ్ బొగ్గు అయితే బాగా లాగుతుంది. అన్నిటికంటే చవకైన మందు మన దగ్గరే ఉంది. పొద్దున పూట డోర్లు తెరిచి ఎండ, గాలి తగిలేలా వారం రోజులు పెట్టడం.

చేయకూడనివి కూడా చెప్పాలి. సెంటు బుడ్లు, అగరబత్తీలు, కాఫీపొడి మూటలు వాసనను కప్పుతాయే గానీ మడ్డిని తీయవు. బండిలో అగరబత్తి వెలిగించడమంటే పొగ మీద ఇంకో పొగ. బ్లీచింగ్ ద్రావణం, వెనిగర్ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు క్లోరిన్ వస్తుంది. మూసిన బండిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. పెద్ద ఊళ్లలో ఓజోన్ మిషను పెట్టి వాసన తీస్తామంటారు. పనిచేస్తుంది, కానీ ఓజోన్ ఊపిరితిత్తులను దెబ్బతీసే వాయువు, రబ్బరును కూడా పాడుచేస్తుంది. తెలిసినోళ్ల చేతే చేయించాలి, ఆ టైములో లోపల ఎవరూ ఉండకూడదు, తర్వాత గంటల తరబడి గాలి ఆడనివ్వాలి.

ఇదంతా చేస్తే రెండు మూడు రోజుల కష్టం, ఫిల్టరు కాకుండా కొన్ని వందల ఖర్చు. 2019లో వాహనమిత్ర కింద సొంత ఆటో, ట్యాక్సీ ఉన్నోళ్లకు ఏడాదికి 10,000 రూపాయలు ఇవ్వడం మొదలైనప్పుడు ఇన్సూరెన్సుకు, ఫిట్‌నెస్‌కు, రిపేర్లకు అని చెప్పారు. లోపల శుభ్రం చేయించడం కూడా రిపేరే అని మనం అనుకున్న రోజు ఆ ఖర్చు దండగ అనిపించదు.

ఇప్పుడు అసలు కష్టమైన మాటకు వస్తున్నాం. కడిగిన బండిలో మళ్లీ ఎవరైనా బీడీ వెలిగిస్తే?

మనలో చాలామందికి ఇక్కడే నోరు రాదు. ముందు సీట్లో కూర్చున్నది మామ అవుతాడు, తాత వరస అవుతాడు, తాండా పెద్ద అవుతాడు. "ఆర్పు తాతా" అని ఎట్లా అంటాం? పంచాయితీ కూర్చుంటే బీడీకట్ట మధ్యలో ఉంటుంది, ఇంటికొచ్చినోళ్లకు బీడీ ఇవ్వడం మర్యాద. మర్యాద మాకూ తెలుసు. కానీ అదే బండిలో వెనక సీట్లో ఆయన మనవరాలే కూర్చుంటుంది. మనవరాలి ఊపిరి కూడా మర్యాదలో భాగమే అని ఆయనకు మెల్లగా చెప్పాల్సింది చదువుకున్న మనమే. బండి చెట్టు కింద ఆపి, "తాతా, దిగి తాగు, నిదానంగా పోదాం" అంటే ఏ తాతా కోపం చేసుకోడు.

బీడీ చిన్నది కదా, సిగరెట్ అంత చెరుపు చేయదులే అని ఇంకో మాట అంటారు. అది అబద్ధం. బీడీ పొగలో తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కన్నా తక్కువేం కాదు, తరచుగా ఎక్కువే.

చట్టం కూడా మన వైపే ఉంది. 2001 నవంబరులో మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది, అందులో ప్రజా రవాణా కూడా ఉంది. 2003 పొగాకు చట్టంలో బహిరంగ ప్రదేశం అంటే జనం ఎక్కే వాహనాలు కూడా. 2008 అక్టోబరు 2 నుంచి నిబంధనలు గట్టిగా వచ్చాయి, జరిమానా 200 రూపాయల వరకు. షేర్ ఆటో, కిరాయి జీపు కూడా దీని కిందికే వస్తాయి. డ్రైవరు తాగినా, ప్యాసింజరు తాగినా ఒకటే. ఇంగ్లండులో ఇంకా ముందుకు పోయి, 18 ఏళ్లలోపు పిల్లలుంటే సొంత కారులో కూడా తాగకూడదని 2015 అక్టోబరు 1 నుంచి చట్టం తెచ్చారు. మన దగ్గర సొంత కారుకు అలాంటి చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. మన తాండా మాట మనం పెట్టుకోవచ్చు.

"పేదోడికి ఉన్నది ఆ ఒక్క బీడీనే, దాని మీద కూడా మీ పెత్తనమా" అని కొందరు అన్నలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రాత్రి రెండు గంటలకు ఆసుపత్రి ట్రిప్పు, పొద్దున ఐదుకు కూలీల ట్రిప్పు. నిద్ర ఆపుకోవడానికి, ఆకలి చంపుకోవడానికి ఆ పొగ పట్టుకున్నారు. వాళ్లను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. మేం అడిగేది మానేయమని కాదు, బండి లోపల వద్దని మాత్రమే. తాగేది మీ ఇష్టం, కానీ సీటు మీ ఒక్కరిది కాదు, ఎక్కే ప్రతి మనిషిదీ. మానాలి అనుకునేవాళ్లకు జాతీయ టొబాకో క్విట్‌లైన్ 1800-112-356 ఉంది, ఫోన్ ఉచితం. ఈ నంబరు బండిలో అంటించుకోండి.

ఇంకో మాట కూడా ఆలోచించాలి. బీడీ చుట్టే తునికాకు అడవిలో కోసేది ఎక్కువగా మన ఆదివాసీ జనమే. ఎండలో ఆకు కోసి కట్టలు కట్టేది మనం, చివరికి అదే పొగ మన పిల్లల ఊపిరిలోకి పోవడం. లాభం ఎక్కడికి పోతుందో, నష్టం ఎక్కడ మిగులుతుందో మనం అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి.

కాబట్టి మా ప్రతిపాదనలు మూడు. ఒకటి, మన తాండా, మన కాలనీలో ఎవరు సెకండ్‌హ్యాండ్ బండి కొంటున్నా గ్రూపులోని చదువుకున్న తమ్ముడు ఒకరు తోడు పోవాలి, తెల్లగుడ్డ పరీక్ష చేయాలి, బేరంలో ఆ మాట అనాలి. రెండు, ఇప్పటికే ఉన్న బండ్లను ఒక ఆదివారం పెట్టుకుని అందరం కలిసి కడుగుదాం. పది బండ్లకు ఒకే వాక్యూమ్ కిరాయికి తెస్తే తలా కొంచెమే పడుతుంది. మూడు, ప్రతి బండిలో ముందు సీటు ఎదురుగా తెలుగులో పెద్ద అక్షరాలతో "ఈ బండిలో పొగ తాగరాదు" అని రాయిద్దాం. బోర్డు ఉంటే డ్రైవరు తమ్ముడు పెద్దోళ్లతో గొడవ పడే పని ఉండదు, చేయి చూపిస్తే చాలు.

స్కూలుకు పోయే మన చెల్లెలు బండి దిగి క్లాసులో కూర్చుంటే, ఆమె బట్టల్లో సిగరెట్ కంపు వచ్చి పక్క పిల్ల జరిగి కూర్చోకూడదు. మేం అడిగేది అంతే. అది మన చేతుల్లో ఉన్న పని, ఎవరి దగ్గరికీ అర్జీ పెట్టుకోవాల్సిన అవసరం లేదు. మీ ఊర్లో ఎన్ని బండ్లున్నాయో లెక్క వేసి చెప్పండి, ఆదివారం ఎక్కడ మొదలుపెట్టాలో అందరం కలిసి ఖాయం చేద్దాం.